వేదనా శబ్దార్థ విచారము

వేదన యనఁగానే తెలుఁగువారికి బాధయే స్ఫురించును. శిరోవేదన, ప్రసవవేదన, మనోవేదన మొదలగు వాడుకలలో నీ యర్థమే స్థిరపడినది. కాని యీ పదము జ్ఞానార్థకమగు విద ధాతువునకు సంబంధించినది. యుచ్ ప్రత్యయముచే స్త్రీలింగమున సిద్ధించును. ఎఱుక దీని మూలార్థము. నివేదన శబ్దమునందుఁ దెలియఁజేయుట యను నర్థము నేఁటికిని నిలిచియున్నది. ఎఱుకను దెలుపు మాట నొప్పికిఁ బేరగుట విచారింపఁదగినది. ఈ రెంటికి నడుమనుండు నర్థము పాలిభాషలోని బౌద్ధగ్రంథములయందుఁ గానవచ్చుచున్నది.

పాలిలో వేదన యనఁగా ననుభవము. అది సుఖము, దుఃఖము, ఆ రెండును గానిది యని త్రివిధము. సతిపట్ఠానసుత్తమునఁ గాయము, వేదన, చిత్తము, ధర్మములు నను నాల్గింటిని బరిశీలింపవలయునని చెప్పఁబడినది. తొలుత శ్వాసమును, నిలుచుట నడచుట మొదలగు దేహస్థితులను గుర్తింపవలయును. దేహమునుండి మొదలిడి చిత్తమునకుఁ బోవుట యీ క్రమములోని విశేషము.

శోకశాంతి విషయమున సంయుత్తనికాయములోని సల్లసుత్తము ముఖ్యము. సల్లమనఁగా శల్యము, బాణము. ధర్మము విననివాఁడు దేహమునకు నొప్పి కలుగఁగానే విలపించి మనస్సున రెండవ బాణముచేఁ గూడఁ గొట్టఁబడుననియు, వినినవానికి మొదటి బాణమే తగులుననియు నందలి తాత్పర్యము. వివేకికి నొప్పియే లేదని సుత్తము చెప్పలేదు. ఈ సాధన సర్వబాధలను మాపునని ప్రకటించువారు దీనిని సరిగాఁ జదివినవారు కారు.

బర్మాదేశమున లెడి సయాడో (1846–1923) యీ పద్ధతిని గృహస్థులకును బోధించెను. ఆ పరంపరలోని సయాజీ ఊ బా ఖిన్ (1899–1971) ప్రభుత్వ లెక్కలశాఖలో నున్నతోద్యోగి. తీవ్రమగు తలనొప్పితో 1955లో నాయన నాశ్రయించిన వర్తకుఁడు సత్యనారాయణ గోయెంకా (1924–2013), 1969లో భారతదేశమునకు వచ్చి శిబిరములు నడపెను. క్రోధము, భయము, శోకము పుట్టఁగానే శ్వాసము మాఱును. దేహమున నేదో యొక వేదన పొడసూపును. దానిని గోరక, ద్వేషింపక, ఊరక గమనించినచో నుద్వేగము బలము తగ్గునని యాయన బోధ. ఇందు వేదనా శబ్దమునకుఁ బాలియర్థమే గ్రాహ్యము.

తెలుఁగున నీ పదమందు నొప్పి మిగిలినది, ఎఱుక మఱుఁగుపడినది. శోకార్తుఁడు తనకు మనోవేదన కలదన్నపుడు, మఱచిపొమ్మని చెప్పుటకంటె, అది ఱొమ్మున నున్నదా, గొంతున నున్నదా యని మెల్లఁగా నడుగుట మేలు. అట్లడుగుట ధాత్వర్థమును మరల స్మరించుటయే యగును.