ఉడుపి క్షేత్రం – అన్నబ్రహ్మోపాసన

సహ్యాద్రి పర్వతశ్రేణికి, పశ్చిమ సముద్రానికి నడుమ విస్తరించిన తుళునాడులో ఉడుపి సుప్రసిద్ధ క్షేత్రం. రెండు దినాల యాత్రకు వచ్చిన భక్తుడు సాధారణంగా శ్రీకృష్ణ దర్శనం చేసుకొని, మఠంలో భోజన ప్రసాదం స్వీకరించి, సాయంకాలం మల్పె తీరంలో కొంతసేపు గడిపి తిరుగు ప్రయాణమవుతాడు. భోజనాన్ని దర్శనానికి అనుబంధంగానే భావిస్తాడు. అయితే ఈ క్షేత్ర చరిత్రను శ్రద్ధగా పరిశీలించినవారికి మరొకటి గోచరిస్తుంది. ఇక్కడ మూర్తి స్వరూపం, మఠాధికారం, వ్రతనియమం, చివరకు వివాదం కూడా అన్నాన్నే ఆశ్రయించి ఉన్నాయి.

ఉడువులు అనగా నక్షత్రాలు. వాటికి అధిపతి ఉడుపుడు, అనగా చంద్రుడు. దక్షశాపగ్రస్తుడైన చంద్రుడు ఇక్కడ తపమాచరించి ఈశ్వరానుగ్రహం పొందాడని స్థలపురాణం. అందుచేతనే ముందు చంద్రమౌళీశ్వరుని, పిదప అనంతేశ్వరుని సేవించి, ఆ తరువాత కృష్ణ సన్నిధికి వెళ్లడం సంప్రదాయం. ఈ రెండు ఆలయాలూ కృష్ణమఠం కంటే ప్రాచీనమైనవి. శ్రీమధ్వాచార్యులు శిష్యులకు పాఠం చెప్పినది అనంతేశ్వరాలయంలోనే. ఇంతటి వైష్ణవ క్షేత్రంలో తొలి నమస్కారం శివునికి చెందడం గమనింపదగినది. త్వరపడే యాత్రికులు ఈ రెండు గుడులను దాటిపోతుంటారు; అది శోచనీయం.

ఆచార్యులు ఉడుపికి సమీపంలోని పాజక గ్రామంలో అవతరించారు. వారి కాలాన్ని కొందరు 1199 నుండి లెక్కిస్తారు. చరిత్రకారులలో అధికులు అంగీకరించినది 1238–1317. ఈ నిర్ణయానికి ప్రధానాధారం తెలుగుదేశంలోనే ఉన్నది. ఆచార్యుల శిష్యులు నరహరితీర్థులు కళింగ రాజ్యపాలనలో బాధ్యత వహించిన కాలంలో శ్రీకూర్మంలో యోగానంద నరసింహుని ప్రతిష్ఠించారు. 1281 నాటి శాసనం ఆ విషయాన్ని తెలుపుతున్నది. పడమటి సముద్రపు గురువు కాలాన్ని తూర్పు సముద్రతీరపు శిల నిర్ణయించింది.

ఇక కృష్ణమూర్తి. ద్వారక నుండి వచ్చిన ఒక నౌక మల్పె సమీపాన తుపానులో చిక్కుకొనగా, ఆచార్యులు తీరం నుండి తమ ఉత్తరీయం ఊపి దానిని రక్షించారని, నావికుడు కృతజ్ఞతతో ఏమి కోరినా ఇస్తాననగా నౌకలోని గోపీచందనపు గడ్డను మాత్రమే స్వీకరించారని, అందులో ఈ విగ్రహం లభించిందని ఐతిహ్యం. స్వామి చేతులలో శంఖచక్రాలు లేవు, మురళి లేదు. ఒక చేత కవ్వం, మరొక చేత కవ్వపు త్రాడు. లోకపాలకుడు ఇక్కడ వెన్న కోసం తల్లి వెంట తిరిగిన బాలుడై నిలిచాడు. వంటింటి పరికరాన్ని ఆయుధంగా ధరించిన మూర్తులు అరుదు.

మూర్తిలో కనిపించిన ఈ భావమే మఠవ్యవస్థలోనూ కనిపిస్తుంది. ఆచార్యులు పూజాధికారాన్ని ఎనిమిదిమంది సన్న్యాసి శిష్యులకు అప్పగించారు. వారి పరంపరలే పలిమారు, అదమారు, కృష్ణాపుర, పుత్తిగె, శీరూరు, సోదె, కాణియూరు, పేజావర మఠాలు. తొలుత ఒక్కొక్కరికి రెండు నెలలు వంతు. సోదె మఠాధిపతులు శ్రీవాదిరాజతీర్థులు దానిని రెండు సంవత్సరాలకు పెంచారు. 1522 నుండి ఆ క్రమం సాగుతున్నది. దీనికే పర్యాయమని పేరు. పదహారేళ్లకొకసారి తిరిగి అదే మఠానికి వంతు వస్తుంది. సరి సంవత్సరాల జనవరి 18న అధికారం చేతులు మారేటప్పుడు, దిగిపోయే స్వామి కొత్త స్వామికి గర్భాలయపు తాళపుచెవులతోపాటు అక్షయపాత్రను, గరిటెను అందజేస్తారు. రాజముద్ర కాదు, ఖడ్గం కాదు, గరిటె! రెండేళ్లపాటు వచ్చినవారికి అన్నం పెట్టే భారం ఇక నీదని దానికి అర్థం.

ఆ భారం మాటలతో తీరేది కాదు. అందుకే సుమారు ఏడాది ముందునుంచే నాలుగు ముహూర్తాలు ఆచరిస్తారు. మొదటిది అరటి మొక్కలు నాటడం. రెండవది బియ్యపు ముహూర్తం. మూడవది కట్టెల ముహూర్తం. నాలుగవది ధాన్యపు ముహూర్తం. విస్తరాకు, అన్నం, పొయ్యి అన్నీ ముందే సిద్ధం కావాలన్నమాట. కట్టెలను మధ్వసరోవరం దగ్గర రథాకారంలో పేరుస్తారు. యాత్రికులు దానిని వింతగా చూసి వెళ్తారు గానీ, రాబోయే పాకశాలకు అదే ఇంధనమని తలచేవారు తక్కువ.

ఉడుపి వంట రుచికి లోకమంతా లొంగింది. కాని ఆ రుచి నియమం నుండి పుట్టినది. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. చాతుర్మాస్యంలో మొదటి నెల శాకవ్రతం, రెండవ నెల దధివ్రతం, మూడవ నెల క్షీరవ్రతం, నాలుగవ నెల ద్విదళవ్రతం. కూరగాయలు లేని నెలలో వంటవాడు మిరియాలతో, జీలకర్రతో, మామిడితో విస్తరి నింపాలి. వదలుకొన్న ప్రతి వస్తువూ ఒక కొత్త వంటకానికి దారి చూపింది. మట్టు గ్రామంలో పండే లేతాకుపచ్చని గుండ్రటి వంకాయ మట్టుగుళ్ల. దాని విత్తనాలు వాదిరాజుల అనుగ్రహమని అక్కడి రైతుల విశ్వాసం. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. శనగలు, బెల్లం, కొబ్బరితో చేసే హయగ్రీవ నైవేద్యమూ వాదిరాజుల ఉపాసనతోనే ముడిపడినది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే చరిత్ర సగమే అవుతుంది. ఈ అన్నం అందరికీ ఒకే పంక్తిలో దక్కిందా? లేదు. బ్రాహ్మణులకు వేరుగా వడ్డించే ఆచారం ఇక్కడ దీర్ఘకాలం సాగింది. 20వ శతాబ్దంలో ఉడుపి వంటవారు దూర నగరాలలో భోజనశాలలు తెరిచినప్పుడు కొన్నింటిలో ఆ వేరు గది కూడా వారి వెంట వెళ్లింది. ఈ శతాబ్దంలోనూ పంక్తిభేదానికి వ్యతిరేకంగా ఆందోళనలు జరిగాయి. మడి వంటవానికి, వడ్డనకు సంబంధించిన శుచి నియమం. దానిని తినేవాని జన్మకు అన్వయించడం వేరు. తైత్తిరీయంలోని భృగువల్లి అన్నాన్ని నిందించరాదని, వసతి కోరి వచ్చిన ఎవ్వరినీ కాదనరాదని వ్రతంగా విధించింది. ఆ వ్రతంలో అతిథి కులాన్ని విచారించే మాట లేదు. పేజావర మఠాధిపతులు విశ్వేశతీర్థులు (1931–2019) దళితవాడలకు వెళ్లారు. 2017లో కృష్ణమఠ ప్రాంగణంలో ముస్లిములకు ఇఫ్తార్ విందు ఏర్పాటు చేసి విమర్శలు ఎదుర్కొన్నారు. అన్నం విషయంలో సంప్రదాయం తనతో తాను ఇంకా వాదిస్తూనే ఉన్నది.

ఈ వాదానికి ఉడుపిలోనే పూర్వసాక్ష్యం ఉన్నది. 16వ శతాబ్దంలో గొఱ్ఱెల కాపరుల కులంలో పుట్టిన కనకదాసు ప్రవేశం లభించక మందిరం వెనుక నిలిచి కీర్తించగా, గోడ బీటవారి, కృష్ణుడు పడమటికి తిరిగి అతనికి దర్శనమిచ్చాడని భక్తుల నమ్మకం. విగ్రహం ఆదినుంచీ పశ్చిమాభిముఖమేనని వాదించేవారూ ఉన్నారు. ఏది ఏమైనా ఆ గవాక్షానికి నేటికీ కనకన కిండి అనే పేరు. పండితుడైనా పామరుడైనా భక్తులందరూ నేడు స్వామిని చూసేది గవాక్షం గుండానే. పర్యాయం నాటి వేకువన దండతీర్థంలో స్నానమాడి, ఊరేగింపుగా వచ్చే కొత్త పీఠాధిపతి చంద్రమౌళీశ్వర, అనంతేశ్వరుల సన్నిధికి, ఆపైన మఠంలోనికి వెళ్లకముందే, వెలుపల కనకుని కిండి ఎదుట నిలిచి స్వామికి తొలి నమస్కారం చేస్తారు. గరిటె చేతికందేది ఆ తరువాతనే.