గ్రంథస్వామ్యము: ఒక దేశపు రెండు నీతులు



తన చేనికి కంచె నాటికొని, పొరుగువాని చేనిలోనికి పసులను తోలు రైతును మనమెఱుగుదుము. గ్రంథముల విషయమున ఒక దేశమే యట్లు నడచిన చరిత్రమును నేడు విన్నవింతును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1790వ సంవత్సరమున గ్రంథస్వామ్య శాసనము పుట్టెను. రచయితకు 14 ఏండ్లును, పిదప జీవించియున్నచో మఱి 14 ఏండ్లును హక్కు లభించెను. అయితే యీ రక్షణ ఆ దేశవాసులకు మాత్రమే. పరదేశీయుల పుస్తకములను యథేచ్ఛగా ముద్రించుకొనవచ్చునని ఆ శాసనమే పలికెను.

1842లో ఆంగ్ల నవలాకారుడగు చార్లెస్ డికెన్సు అచ్చటికేగెను. జనులు ఆయనకు బ్రహ్మరథము పట్టిరి. కాని అచ్చట అమ్ముడుపోవు తన పుస్తకములపై ఆయనకు హక్కు లేదు. విందుసభలలో ఆయన యీ మాట యెత్తగనే పత్రికలు ధనాశాపరుడని దూషించెను.

ఇంగ్లండును నిర్దోషి కాదు. 1852లో అమెరికా రచయిత్రి హారియెట్ బీచర్ స్టో రచించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ను లండను ముద్రాపకులు అనుమతి లేకయే పెక్కుకూర్పులుగా అమ్ముకొనిరి.

ఆంగ్లగ్రంథము ఉచితముగా దొరకుచుండ, అమెరికాలో స్వదేశరచయితకు ధనమిచ్చువాడు అరుదయ్యెను. పొరుగుచేనికి తోలిన పసులు సొంతచేనినే మేసినవి! 1891లో పరదేశీయులకు హక్కు నిచ్చిరి. అయినను అచ్చుకూర్పు అమెరికాలోనే జరుగవలెనని నిబంధన విధించిరి. 1886నాటి బెర్న్ ఒడంబడికలో ఆ దేశము చేరినది 1989లో. నాటినుండి ఇతరదేశముల లోపములను ఏటేట పట్టికగా ప్రకటించుచున్నది.

పరుల కృషిని హరించుట తప్పే. కాని రచ్చబండపై తగవులు తీర్చు మీకు నేను వేఱుగ చెప్పనేల? ఇరుపక్షములకు కొలత యొక్కటే కావలెను.