కఱ్ఱయు బంతియు – హాకీ పరికరముల పూర్వోత్తరములు

బాలవ్యాకరణము చెప్పి బ్రదికినవాడు హాకీ కఱ్ఱను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. అయినను ఈ విషయము మన గడప దాటి యింటిలోనికి వచ్చియున్నది. కాకినాడలో చదువుకొను మనుమరాలు హాకీ కఱ్ఱ కావలెననును. కెనడాలో నున్న కొడుకు తన పిల్లవాడు మంచుమీద నాడు హాకీకి కత్తిజోళ్ళు కొన్నానని ఫోనులో చెప్పును. వెల విని తాతగారికి నోట మాట రాదు. వంచిన కొయ్యకు రెండు బస్తాల ధాన్యము పోయవలెనా యని ఆయన ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఆ వస్తువుల చరిత్రలో నున్నది.

కఱ్ఱతో కొట్టి యాడు ఆట మనకు క్రొత్తది కాదు. ద్రోణాచార్యుడు హస్తినాపురమునకు వచ్చినప్పుడు కురుకుమారుల ఆటవస్తువు నూతిలో బడిన కథ మీ యందఱకు తెలిసినదే. పదునొకండవ శతాబ్దిలో, రాజమహేంద్రవరమున, రాజరాజనరేంద్రుని ఆస్థానమున భారతమును తెనిగించిన నన్నయభట్టు ఆ వస్తువును కందుకమనెను; అనగా బంతి. సంస్కృత మూలమున నున్న పదము ‘వీటా’. వ్యాఖ్యాతయగు నీలకంఠుడు దానిని యవధాన్యపు గింజవలె రెండు కొనలు సన్నగా చెక్కిన జానెడు కొయ్యముక్కగా వివరించి, పిల్లలు దానిని దండముతో ఎగురగొట్టుదురనెను. ఇది మన బిళ్ళంగోడు గాక మఱేమి? రాజకుమారుల గౌరవమునకు బంతియే తగునని నన్నయ తలచెనేమో. నా మట్టుకు నాకు, ధర్మరాజును భీముడును బిళ్ళంగోడాడుటయే ముచ్చటగా తోచును.

ఆ యాటకు మన పిల్లలు చింతకొమ్మయో, తుమ్మకొమ్మయో, సముద్రతీరమైనచో సరుగుడు కఱ్ఱయో విఱిచి తెచ్చుకొందురు. తాటిమట్టను చెక్కి క్రికెట్టు బ్యాటు చేయుదురు. పైకము అక్కఱలేదు, విఱిగినను మఱియొక మట్ట దొరకును. హాకీ యిట్టిది కాదు. ఇందులో కఱ్ఱ యెట్లున్నదో ఆట అట్లుండును.

ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నియమబద్ధమైన ఈ యాట బ్రిటిషు పటాలముల వెంట మన దేశమునకు వచ్చినది. కలకత్తాలో 1885 ప్రాంతమున సంఘములు వెలసినవి. 1895లో బేటన్ కప్పు పోటీలు మొదలైనవి. 1925లో భారత హాకీ సమాఖ్య యేర్పడినది. అటుపిమ్మట మూడేండ్లకే, 1928లో, ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో మనవారు స్వర్ణపతకము గెలిచిరి. 1932లో లాస్ ఏంజిలిస్‌లోను, 1936లో బెర్లిన్‌లోను మఱల గెలిచిరి. ఆట నేర్పినవారిని మించి యింత శీఘ్రముగా మనవా రెట్లు ముందునకు పోయిరి? ఆటగాండ్ర ప్రతిభను ఎల్లరును పొగడిరి. కఱ్ఱ చేసిన వడ్రంగిని స్మరించినవారు తక్కువ.

ఇంగ్లీషు కఱ్ఱలకు ఆష్ అను చెట్టు కొయ్యను వాడెడివారు. వాని వంపు నిడుపు. ముక్కు చాచుకొని యుండెడిది. పంజాబు పనివాండ్రు మల్బరీ కొయ్యను పట్టిరి. పట్టుపురుగులు మేయు ఆకు ఆ చెట్టుదే. మన పెద్దలు కంబళిచెట్టనెడివారు. ఆ కొయ్య పీచు గట్టిది. ఆవిరిలో మగ్గనిచ్చి వంచినచో విఱుగక వంగును. పీచు తెగక వంపు వెంటనే తిరుగును. దాని కారణమున కఱ్ఱ ముక్కును కుఱుచగా, బిగువుగా వంచుట సాధ్యమైనది. హాకీ కఱ్ఱకు ఎడమ ముఖము చదును, వెనుక ముఖము గుండ్రము. గుండ్రని వైపు బంతికి తగులరాదు. కావున బంతి కుడినుండి యెడమకు, ఎడమనుండి కుడికి పోవునప్పుడెల్ల కఱ్ఱను మణికట్టుతో త్రిప్పుచుండవలెను. ముక్కు పొడవైనచో ఈ త్రిప్పుట ఆలస్యమగును; కుఱుచయైనచో ఱెప్పపాటున జరుగును. మనవారి ఆటలో లోకము విస్మయపడిన నేర్పంతయు ఈ త్రిప్పుటయే. ధ్యాన్‌చంద్ మణికట్టుకు దక్కిన కీర్తిలో పేరు తెలియని వడ్రంగికి ఒక వీసమైనను పాలున్నదని నా యభిప్రాయము.

ఆ పని కంతటికిని స్యాల్‌కోట పట్టణము పేరెన్నిక గన్నది. పిడికి పేము, ముక్కునకు మల్బరీ; రెంటిని నాగటి మేడివలె ఒకదానిలో నొకటి దూర్చి, జిగురుతో అతికి, దెబ్బ అదురు చేతికి రాకుండ పేముల నడుమ రబ్బరు పొరలు పెట్టి, పైన దారము చుట్టెడివారు. 1947లో దేశము రెండైనది. స్యాల్‌కోట పాకిస్తానులో చేరినది. ఆ పనివాండ్రలో పలువురు ఉన్న ఇండ్లు విడిచి జలంధరు, మీరటు నగరములకు వచ్చి మఱల కొలుములు, ఆవిరి తొట్లు అమర్చుకొనిరి. నేటికిని మన దేశపు ఆటవస్తువులు మిక్కిలిగా వచ్చునది ఆ రెండు నగరములనుండియే. మఱుసటి యేడు, 1948 ఆగస్టు 12న, లండనులోని వెంబ్లీ మైదానమున స్వతంత్ర భారతపు జట్టు బ్రిటనును నాలుగు గోలులకు సున్నగా ఓడించినది. కఱ్ఱ పుట్టిన యూరు పరదేశమైన యేడాదికే జరిగిన విజయమది.

జోళ్ళ సంగతి చెప్పి ముందునకు పోదును. వెంబ్లీలో నేల వానకు తడిసి జారుచుండగా, నాయకుడు కిషన్‌లాల్, కె. డి. సింగ్ బాబు జోళ్ళు విడిచి యాడిరందురు. 1936 బెర్లిన్ తుదిపోటీలోను నేల తడియే. ధ్యాన్‌చంద్ ద్వితీయార్ధమున ముండ్లజోళ్ళు విడిచెనని అందఱు చెప్పుదురు. తరువాత వట్టికాళ్ళతో ఆడెనా, రబ్బరు అడుగుల జోళ్ళతో ఆడెనా యను చోట మాత్రము పాఠభేదము కలదు. గెలుపు ఎనిమిది గోలులకు ఒకటి. అందు పాఠభేదము లేదు. ఈ కథలు విని జోళ్ళు అక్కఱలేదని పిల్లలకు చెప్పవలదు. చేనిగట్టుమీద పరుగెత్తి పెరిగిన పాదము వేఱు, నేటి పిల్లల పాదము వేఱు.

ఇక కఱ్ఱను ఏర్పఱచుకొను విధము. పాఠశాలలో పనిచేసిన కాలమున ఆటల మేష్టరుగారి ప్రక్కన నిలిచి నేను చూచినది చెప్పుచున్నాను. పిల్లవానిని నిలువబెట్టి కఱ్ఱను ప్రక్కన ఆనించినచో పిడి కొన నడుము ఎముకను అందుకొనవలెను. పొడవైన కఱ్ఱ కొంటే రెండేండ్లు వచ్చునని తలంచు తండ్రులు, పిల్లవాని నడుము వంచనీయక ఆటను చెఱచుచున్నారు. కొయ్యకఱ్ఱయైనచో ముక్కువద్ద గీతలను చూడవలెను. పీచు గీతలు వంపు వెంట తిరిగినచో మంచిది. గీతలు వంపుకు అడ్డముగా తెగి ముగిసినచో అది వంచిన కఱ్ఱ గాదు, కోసిన కఱ్ఱ. నాలుగు దెబ్బలకు పగులును. బరువు 737 గ్రాములకు మించరాదని నియమము. మూడంగుళములకు ఒక యంగుళము తక్కువగా, అనగా 51 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయములో కఱ్ఱ యంతయు దూఱిపోవలెను. పిల్లలకు నియమమునకు చాల లోపలి బరువే మేలు.

కాపాడుట మన డెల్టాలో కష్టము. ఇచ్చట గాలిలో తేమ, తీరమున ఉప్పు. పంజాబు ఎండలో ఆఱిన కొయ్య మన శ్రావణమాసమున నీరు పీల్చి ఉబ్బును. వైశాఖమున ఎండి బీటలువాఱును. కావున ఆట ముగియగానే పొడిగుడ్డతో తుడిచి, దారముచుట్టు విడినదేమో చూచి, నెలకొకసారి ముక్కునకు అవిసెనూనె పలుచగా పట్టించి నీడను ఆఱనీయవలెను. పిడికి నూనె తగులరాదు; జారును. గోడకు నిలువుగా చేరవేసినచో వంకరపోవును. రెండు మేకులమీద అడ్డముగా పెట్టుట మంచిది. ఒక పాఠశాలలో రెండు డజన్ల కఱ్ఱలను గోనెలో కట్టి వేసవి సెలవులకు ముందు అటకమీద పెట్టిరి. సెలవుల తరువాత విప్పిచూచిన చేతికి పేముల పిండి రాలినది, పురుగు తినివైచినది. ఆ యేడు ఆ బడిపిల్లలు ఆడలేదు. మఱియే కారణమును లేదు.

బంతి మొదట తోలుది. లోపల బెండు, నూలు. పైన తెల్లని తోలు. క్రికెట్టు బంతికి తమ్మునివంటిది. గడ్డిపై మంచుకు తడిసి బరువెక్కెడిది. ఇప్పుడు వాడునది ప్లాస్టిక్కు. బరువు 156 మొదలు 163 గ్రాముల వఱకు. ఈ మార్పునకు మూలము నేల మారుట. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారిగా కృత్రిమ పచ్చికపై హాకీ యాడించిరి. పలుమార్లు స్వర్ణము గెలిచిన మన జట్టు ఆ యేడు ఏడవ స్థానమున నిలిచినది. ఆ నేలపై బంతి యెగురక వేగముగా జాఱును. నెమ్మదిగా త్రిప్పి త్రిప్పి ఆడువానికంటె బలముగా కొట్టి పరుగెత్తువానికి అది లాభము. కఱ్ఱయు దాని వెంట మాఱినది. 1990ల దశకమునుండి గాజుపీచు, కార్బను పీచు కలిపిన కఱ్ఱలు మల్బరీని త్రోసివైచినవి. మాస్కో 1980 స్వర్ణమునకు పిమ్మట మన పురుషుల జట్టు మఱల పతకమును చూచుటకు 2021 వఱకు, అనగా టోక్యో క్రీడల వఱకు, ఆగవలసివచ్చినది. ఇందు నిర్వాహకుల లోపము లెన్నియో కలవు. కాని పేద బడి మైదానమునకును పెద్ద పోటీ మైదానమునకును నడుమ ఈ నేల తెచ్చిన యెడమే పెద్దదని నేననుకొందును.

ఈ యెడము మన వైపున కొంత తగ్గినది. కాకినాడలో కృత్రిమ పచ్చిక వేసిరి. 2023 ఫిబ్రవరిలో జాతీయ సీనియరు మహిళల పోటీలు అచ్చటనే జరిగినవి. చిత్తూరు వైపునుండి వచ్చిన రజని ఎతిమర్పు భారతజట్టుకు గోలుకీపరుగా పలు దేశములలో ఆడినది. కావున మనుమరాలి కోరిక వెఱ్ఱిది కాదు. మొదటి యేడు కొయ్యకఱ్ఱ కాని, తక్కువ కార్బనుగల కఱ్ఱ కాని చాలును. అధిక కార్బను గలది కరకుగా నుండి, నేర్పు రాని చేతిలో బంతిని నిలువనీయదు. పీచుకఱ్ఱకు నూనె అక్కఱలేదు. ఎండలో నిలిపిన కారులో విడువరాదు. రాతితో కొట్టుకొన్నచోట వ్రేలితో తడిమి, మెత్తగా నున్నచో మానవలెను. కఱ్ఱకు పెట్టు పైకములో కొంత తగ్గించియైనను మోకాలి క్రింది కాపునకు, పండ్ల కాపునకు పెట్టుడు. కాపు లేక గోలు ముందు నిలిచిన ఒక కుఱ్ఱవానికి ముందుపండ్లు రెండు పోయినవి. నేను కన్నులార చూచితిని. గోలుకీపరు తొడుగు ఒక యింటివా రొక్కరే కొనదగినది కాదు. ఊరివారు కలిసి కొని, ఆట ముగిసిన ప్రతిదినము విప్పి నీడను ఆఱవేయవలెను. మూటగట్టినచో మన తేమకు బూజు పట్టును.

మంచు హాకీ ఈ యాటకు చలిదేశపు జ్ఞాతి. 1875 మార్చి 3న మాంట్రియల్‌లో కప్పుగల రంగస్థలమున మొదటి పోటీ జరిగినదందురు. బంతి యెగిరి చూపరులకు తగులకుండ నాడు చదునైన కొయ్యబిళ్ళను వాడిరి. ఇప్పటిది రబ్బరు బిళ్ళ. మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము, బరువు మన బంతితో దాదాపు సమానము. ఎగిరిపడకుండ ఆటకు ముందు దానిని గడ్డకట్టించెదరు. 1959 నవంబరు 1న జాక్ ప్లాంట్ అను గోలుకీపరు ముఖము చిట్లి, కుట్లు వేయించుకొని, ముసుగుతో మఱల వచ్చి నిలిచెను. అంతకుముందు ముసుగును పిరికితనమనెడివారు; పిదప అది ఆచారమైనది. మన దేశమున లడాఖు వారికి ఈ యాటపై ప్రీతి మెండు. 2025లో మన మహిళాజట్టు ఆసియా కప్పు పోటీలలో కాంస్యము తెచ్చినది.

కెనడా మనుమని కత్తిజోళ్ళ మాట. పాదము పెరుగునని రెండు కొలతలు పెద్దవి కొనరాదు. మడమ కదిలినచో చీలమండ మడతపడును. పెరుగు పిల్లలకు ఒకరు వాడి విడిచినవి కొనుట ఆ దేశమున తఱచు. అందు చిన్నతనము లేదు. తలకవచము మాత్రము పాతది వలదు. లోపలి పగులు పైకి కనబడదు. కత్తి అడుగున సన్నని గాడి యుండును, దాని రెండంచులే మంచును పట్టును. ఆ గాడి అరిగినప్పుడు యంత్రముపై సానపట్టించవలెను. కొడవలిని మన కోతకాండ్రు పొద్దు గ్రుంకగానే తుడిచి చూరులో దోపుదురు గదా, ఇదియు నట్లే. మంచుమీదినుండి దిగగానే గుడ్డతో తడి తుడువవలెను. నడచునప్పుడు తొడుగు గట్టి తొడుగును సంచిలో పెట్టునప్పుడు తీసివేయవలెను, లేనిచో లోపల చెమ్మకు త్రుప్పు పట్టును. జోటి లోపలి మెత్తలను ఊడదీసి విడిగా ఆఱవేయవలెను. ఫోనులో మనుమనికి ఈ మాట తాతగారే చెప్పవచ్చును.