సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు - పనిస్థలంలో భద్రత

రాజన్న సిరిసిల్ల జిల్లా కేంద్రమైన సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమకు ప్రసిద్ధి. స్థానికంగా సాంచాలుగా పిలిచే ఈ మగ్గాలు అనేకం చిన్న షెడ్లలో, కొద్దిమంది కార్మికులతో నడుస్తున్నాయి.

విద్యుత్తు వినియోగించే చోట 10 మంది కార్మికులుంటే కర్మాగారంగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం గుర్తించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 ఈ సంఖ్యను 20కి పెంచింది. అందువలన చిన్న షెడ్లలో భద్రత ప్రధానంగా యజమానులు, ఆసాములు, కార్మికుల జాగ్రత్తపైనే ఆధారపడి ఉంటుంది.

బెల్టులకు, పుల్లీలకు రక్షణ కవచాలు, మోటార్లకు ఎర్తింగు విధిగా ఏర్పాటు చేయాలి. సాంచా ఆపిన తరువాతనే నూనె వేయడం, మరమ్మతు చేయడం శ్రేయస్కరం. కండెలు చుట్టే మహిళలు పైట, జడ యంత్రానికి తగలకుండా ముడివేసుకోవాలి.

నూలు ధూళిని దీర్ఘకాలం పీల్చినవారికి బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి సోకే ప్రమాదముంది. సెలవు అనంతరం పనిలో చేరిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం దీని తొలి లక్షణం. ముక్కుకు మాస్కు, షెడ్డులో గాలి ప్రసారం దీనిని నివారించడానికి తోడ్పడతాయి.

సాంచాల మోత వలన కలిగే వినికిడి లోపం శాశ్వతమైనది. చికిత్సతో తిరిగి రాదు. కావున చెవి ప్లగ్గుల వాడకం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.