సూరత్‌లో ఒక రోమన్ బాటసారి

సూరత్ చరిత్ర అనగానే మనకు స్ఫురించేవి నౌకలు, ఫర్మానాలు, దండయాత్రలు. 1613లో జహంగీరు అనుమతితో స్థిరపడిన ఆంగ్లేయుల వర్తకస్థావరం, 1664లోనూ 1670లోనూ శివాజీ జరిపిన దాడులు పాఠ్యగ్రంథాలకెక్కాయి. కాని ఆ రేవుపట్టణంలో ఒక మామూలు రోజు ఎలా గడిచేదన్న ప్రశ్నకు రాజశాసనాలు సమాధానమివ్వవు. ఆ లోటును కొంతవరకు తీర్చినవాడు వర్తకుడూ కాదు, రాయబారీ కాదు; చూడాలన్న కోరికతో దేశాలు తిరిగిన ఒక ఇటాలియన్.

పియెత్రో దెల్లా వాల్లె 1586లో రోము నగరంలో జన్మించాడు. 1614లో వెనిస్ నుండి బయలుదేరి, తురుష్క, పారశీక దేశాలలో సంచరించి, 1623 ఫిబ్రవరిలో సూరత్ చేరాడు. బాగ్దాదులో పరిణయమాడిన భార్య సిత్తీ మాని 1621 చివర పారశీకంలో మరణించగా, ఆమె భౌతికకాయాన్ని భద్రపరచి, పెట్టెలో వెంట తెచ్చుకున్నాడు. సూరత్ సుంకపు అధికారులు సామానును ఎంత నిశితంగా సోదా చేస్తారో వ్రాసిన ఆ యాత్రికుని సామానులోనే అంతటి దుఃఖం దాగి ఉంది. నేపుల్స్‌లోని వైద్యమిత్రుడు మారియో స్కిపానోకు ఆయన వ్రాసిన లేఖలే తరువాత యాత్రాగ్రంథంగా వెలువడ్డాయి.

ఆయన దృష్టి వీధుల మీద నిలిచింది. తెల్లని ఎడ్లు పూన్చిన బండ్లు, వాటి మెడలో గంటలు, కుచ్చుల అలంకారాలు, గుర్రాలవలె పరుగెత్తే వాటి వేగం ఆయనను ముగ్ధుణ్ణి చేశాయి. హిందువులు, ముస్లిములు కలసిమెలసి ప్రశాంతంగా నివసిస్తున్నారని, పాదుషా వారి మధ్య భేదం చూపడని ప్రత్యేకంగా నమోదు చేశాడు. ఊరి వెలుపల ఊడలు దిగిన మర్రిమాను, దాని బోదెపై పార్వతీదేవి ముఖం, భక్తులు సమర్పించే పూలు, తమలపాకులు ఆయన వర్ణనలో కనిపిస్తాయి. దేవీముఖానికి పూసిన రంగు చూసి ఆయన పరిహసించలేదు. ప్రాచీన రోమనులు జూపిటర్ ముఖానికి సిందూరం పూసేవారని జ్ఞాపకం చేసుకున్నాడు. పరాయి ఆచారాన్ని తన పూర్వుల ఆచారం పక్కన నిలిపి చూడగలగడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

ఒక వ్యక్తి సొంత వ్యయంతో త్రవ్వించిన చెరువుగా గోపీ తలావును ఆయన మెచ్చుకున్నాడు. గుజరాత్ సుల్తానుల కాలపు ప్రముఖుడు మలిక్ గోపీ పేరు దానికి నిలిచింది. కాలక్రమంలో ఎండిన ఆ తటాకాన్ని నగరపాలక సంస్థ పునరుద్ధరించి 2015లో ప్రజలకు తెరిచింది.

అయితే ఆయన చూపుకూ హద్దులున్నాయి. పారశీక భాష తెలిసినవాడు కనుక అధికారులతో, వర్తకులతో సంభాషించగలిగాడు. సూరత్ కీర్తికి మూలమైన వస్త్రాన్ని నేసిన మనిషి మాత్రం ఆ లేఖలలో పేరుతో కనిపించడు.

ఉద్యోగరీత్యా సూరత్ వెళ్ళిన ఈ వ్యాసకర్త, పని ముగిసిన పిదప కొన్ని సాయంత్రాలు లింబాయత్ ప్రాంతంలో గడిపాడు. అక్కడ తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. స్వస్థలంలో చేమగ్గం అన్నం పెట్టలేనప్పుడు పవర్‌లూములను వెతుక్కుంటూ వచ్చినవారు వీరు. మగవారు పన్నెండు గంటల షిఫ్టు ముగించి ఇళ్ళకు మరలుతుంటే, వాకిళ్ళలో స్త్రీలు చీరలకు అంచులు కుట్టడం చూశాను. పిల్లలు గుజరాతీలో ఆడుకుంటూ, తల్లులకు తెలుగులో బదులిస్తున్నారు. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆశ్వయుజంలో బతుకమ్మ ఆ వీధులకు వస్తుంది.

ఒక వృద్ధుణ్ణి, “తాతా, మీరు ఈ ఊరు ఎప్పుడొచ్చారు?” అని అడిగాను. “సంవత్సరం యాదిలేదు బిడ్డా, మా పెద్దపిల్ల అప్పుడు చంకల ఉండె” అన్నాడు.

ఆ తాత చరిత్రకు అదే కాలమానం. నాలుగు వందల ఏళ్ళ నాటి ఎడ్ల మెడగంటలు మనకు నేటికీ వినిపిస్తున్నాయంటే, ఒక పరదేశి ఆగి వ్రాసుకున్నందువల్లనే. లింబాయత్ మగ్గాల చప్పుడుకు అటువంటి లేఖకుడు ఇంకా లభించలేదు. మొదటి తరం వలసవారు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారి ఉత్తరాలను, అప్పుపద్దులను, జ్ఞాపకాలను సేకరించడానికి దూరదేశపు యాత్రికుని కోసం ఎదురుచూడనక్కరలేదు. అక్కడి తెలుగు ఉపాధ్యాయుడు ఒక నోటుపుస్తకంతో ఆ పని నేడే ఆరంభించవచ్చు. దానికి తోడ్పడడం మన సాంస్కృతిక సంస్థల బాధ్యత.