పాటల ప్రజాదరణ: నాటి కొలతలు, నేటి కొలతలు

సినిమా పాట విడుదలైన ఇరవైనాలుగు గంటల్లో ఎన్నిసార్లు చూడబడిందో చెప్పే అంకె ఈ రోజుల్లో పాటకన్నా ముందే ఊరు చేరుతున్నది. కలకడ బస్టాండు పక్క టీ కొట్లో కుర్రవాళ్ళు ఆ అంకెల మీద పందేలు కాయటం నేను విన్నాను. అక్కడే బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఒకరు, "మీ కోట్లు ఎవురికి కావాల నాయనా! మా కాలంలో పద్యం పాడితే తెల్లారిందాకా ఒగడన్నా లేసి పోయేవోడు కాదు" అన్నాడు. "ఇప్పుడు తెల్లారే లోపల అమెరికా దాకా పోతాది తాతా" అన్నాడు ఒక కుర్రవాడు. అందరూ నవ్వారు. వాదం అంతటితో ఆగిపోయింది గాని, అది ఆగవలసిన చోటు కాదు. పెద్దాయన జనం ఎంతసేపు కూర్చున్నారో చెబుతున్నాడు. కుర్రవాడు ఎన్నిసార్లు మీట నొక్కారో చెబుతున్నాడు. మార్కెట్టుకు టమాటా తెచ్చే రైతుకు, పెట్టె ఎన్ని కిలోలదో చెప్పకుండా పెట్టె ధర చెప్పి చూడండి, ఒప్పుకోడు. పాటల దగ్గరికి వచ్చేసరికి మనం ఆ ప్రశ్న అడగటం మానివేశాం.

ముందు పెద్దాయన కొలతను పరిశీలిద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో భారతం అంటే పుస్తకం కాదు, తిరునాళ్ళు. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీథినాటకం. అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తయిన తపసు మాను ఎక్కుతూ, మెట్టు మెట్టుకూ ఆగి పద్యాలు పాడతాడు. పైనుంచి అతడు విసిరే నిమ్మపండ్ల కోసం, విభూతి కోసం, సంతానం కోరే స్త్రీలు కింద తడిబట్టలతో సాగిలపడి వుంటారు. చివరి నాడు దుర్యోధన వధ. ఇంత పెద్ద శ్రోతృసమూహం ముందు పాడేవాడికి తన పాట గెలిచిందో లేదో తెలుసుకోవటానికి పట్టిక అక్కరలేదు. ఇక పద్యనాటకం సంగతి సరేసరి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలకూ, బలిజేపల్లివారి హరిశ్చంద్ర కాటిసీనుకూ "వన్స్ మోర్" అనే ఇంగ్లీషు కేక, ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాని గొంతుల నుంచి వచ్చేది. దానితోపాటు చదివింపులు. రూపాయి ఇచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రంగం మీద బిగ్గరగా చదివేవారు. మరుసటి ఏడు అదే సమాజానికి తాంబూలం ఇస్తే ఆ గెలుపు ఖాయమైనట్టు.

ఈ కొలత నిష్కల్మషమైనదని మాత్రం నేననను. పెద్ద చదివింపు పెద్ద రైతుది. కూలివాడి చప్పట్లు వినపడేవి గాని అతని పేరు వినపడేది కాదు. ఊరి చివర వాడ నుంచి వచ్చిన జనం ఎడంగా నిలబడి విన్నారు. వారు ఏ పద్యానికి కన్నీళ్ళు పెట్టుకున్నారో చదివింపుల చిట్టాలో లేదు. పూర్వకాలాన్ని తలచుకుని నిట్టూర్చే మిత్రులు ఈ సంగతి దాటవేస్తూ వుంటారు.

గ్రామఫోను వచ్చి కొలతను మార్చింది. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. ఆ రికార్డు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. పావుగంట రాగం తీసే నటుడు మూడు నిమిషాల్లో పద్యం ముగించవలసి వచ్చింది; ఆలాపన కుదించుకుపోయింది, ఎత్తుగడ పదునెక్కింది. పాట రూపాన్ని శ్రోత మార్చలేదు, పళ్లెం వైశాల్యం మార్చింది. అప్పటినుంచి గెలుపంటే అమ్ముడైన రికార్డుల సంఖ్య. కాని ఆ సంఖ్య ఏం చెబుతున్నది? గ్రామఫోను పెట్టె వున్న ఇల్లు ఊరికి ఒకటి వుంటే గొప్ప. ఆ ఇంటి అరుగు ముందు కూర్చుని విన్నవాళ్ళు యాభైమంది అయినా, కంపెనీ లెక్కలో పడేది ఒక్క రికార్డు. చిత్తూరు నాగయ్యగారి (1904–1973) ‘త్యాగయ్య’ పాటలు ఎన్ని రికార్డులు అమ్ముడుపోయాయో తెలిసినంత మాత్రాన, ఎంతమంది వాటిని పాడుకున్నారో తెలియదు. ఈనాటి అంకెలో ఒక్కడే వందసార్లు వింటే వంద. ఆనాటి అంకెలో వందమంది విన్నా ఒకటి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, "నేటి పాట నాటి పాటకన్నా లక్ష రెట్లు గెలిచింది" అని రాసే పత్రికలను ఏమనాలి?

రేడియో వచ్చిన తరువాత శ్రోతకు కొంత నోరు వచ్చింది. 1952లో ఆకాశవాణి సినిమా పాటను దాదాపు గడప బయట నిలబెట్టినప్పుడు, ఆ ఏడాది డిసెంబరులోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టాడు. ఉత్తరాలు వరదలా వచ్చాయి. తరువాత్తరువాత రికార్డు దుకాణాల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభిప్రాయాలు కలిపి పాటలకు మెట్లు కట్టారు. ఆ మెట్లు కట్టడానికి ఖర్చు పెట్టినది ఒక టూత్‌పేస్టు కంపెనీ అన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. అయినా ఆ లెక్కలో ఒక నిజం వుంది: కార్డు కొని, పేరు రాసి, టపా డబ్బాలో వేసి వచ్చే శ్రమ పడినవాడే ఓటరు. 1957లో వివిధభారతి వచ్చిన తరువాత మన తెలుగు జనరంజనిలో కోరినవారి పేర్లూ ఊర్లూ పాటకన్నా పొడుగ్గా చదివేవారంటే, అది చదివింపుల సంప్రదాయమే. డబ్బు లేకుండా పేరు వినపడిన చదివింపు. పంచాయతీ రేడియో కింద నిలబడి తమ ఊరి పేరు వస్తుందేమోనని చెవి వొగ్గిన వారికి, ఆ పాట ఎన్నవ స్థానంలో వుందన్న చింత లేదు.

పాటలకు వరసలు కట్టే విద్యను పరిశ్రమగా మార్చినది అమెరికా. బిల్‌బోర్డు పత్రిక 1940లో రికార్డుల అమ్మకాల పట్టిక మొదలుపెట్టి, 1958లో వంద పాటల పట్టిక ప్రకటించింది. మరుసటి ఏడే, రికార్డు కంపెనీలు రేడియో వ్యాఖ్యాతలకు లంచాలిచ్చి పాటలు వేయించుకున్న వ్యవహారం అక్కడి శాసనసభ విచారణకు ఎక్కింది. అంతకన్నా మనకు పనికివచ్చే ఉదంతం 1991 నాటిది. అప్పటిదాకా ఆల్బముల పట్టికకు ఆధారం దుకాణదారులు చెప్పే మాట. ఆ ఏడాది నుంచి గల్లాపెట్టె దగ్గర నమోదయ్యే అసలు అమ్మకాలను తీసుకున్నారు. కొద్ది వారాల్లోనే నల్లజాతి పేటల ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఏ. ఆల్బం మొదటి స్థానానికి వచ్చింది. పల్లెపట్టు కంట్రీ సంగీతం ఎగబాకింది. జనం అభిరుచి రాత్రికి రాత్రి మారిందా? లేదు. అంతకుముందు కూడా వారు కొంటూనే వున్నారు. లెక్కరాసే గుమాస్తా కంటికి ఆనలేదు, అంతే.

అదే కొలబద్దతో ఈనాటి రికార్డులను చూడవచ్చు. 1964 ఏప్రిల్‌లో బీటిల్స్ బృందం మొదటి అయిదు స్థానాలనూ ఒకేసారి ఆక్రమించింది. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలనూ ఆక్రమించింది. పది అయిదుకు రెట్టింపు గనుక ఆమె రెట్టింపు గెలిచిందా? బీటిల్స్ కాలంలో ఒక్కొక్క పాటా విడి రికార్డుగా వెలువడాలి, జనం ఒక్కొక్కదానికీ డబ్బు పెట్టి కొనాలి. 1998 చివరిదాకా విడిగా అమ్మకానికి రాని పాటకు ఆ పట్టికలో ప్రవేశమే లేదు. ఇప్పుడు ఆల్బం విడుదలైన రాత్రి దాన్ని మొదటినుంచి చివరిదాకా వింటే ప్రతి పాటా పట్టికకు ఎక్కుతుంది. ఆమె ప్రతిభను తగ్గించటం నా ఉద్దేశం కాదు. పందెం దూరం మారినప్పుడు పరుగు కాలాన్ని పోల్చలేము.

ముప్ఫయి సెకన్లు విన్నారంటే స్పాటిఫై లెక్కలో ఒక శ్రవణం. ఆనాడు మూడు నిమిషాల పళ్లెం ఆలాపనను కోసినట్టే, ఈ ముప్ఫయి సెకన్లు పాట ఎత్తుగడను కోస్తున్నాయి. శ్రోత వేలు జారేలోపల పల్లవి రావాలి. ఇక వీక్షణల మాట. 2019 జూలైలో గాయకుడు బాద్షా పాట ‘పాగల్’ ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వీక్షణలు పొందిందన్న ప్రకటన వచ్చింది. డబ్బు కట్టి వేయించిన ప్రకటనల వీక్షణలు కూడా అందులో కలిశాయని వివాదం రేగింది. రెండు నెలలకు యూట్యూబ్, అలాంటి వీక్షణలను ఇరవైనాలుగు గంటల రికార్డుల లెక్కలో కలపబోమని ప్రకటించింది. ధనికుడి చదివింపు గట్టిగా వినపడే పద్ధతి పోలేదన్నమాట. పూర్వం కనీసం ఇచ్చినవాడి పేరు చదివేవారు.

ఏ పట్టికా పట్టుకోలేని గెలుపులు కొన్ని వున్నాయి. కలకడకు పొరుగున గుర్రంకొండ మండలంలో తరిగొండ వుంది. ఆ ఊరి ఆడబిడ్డ, వితంతువుగా లోకుల మాటలు పడి తిరుమల చేరిన వెంగమాంబ (1730–1817) పేర ముత్యాల హారతి ఈనాటికీ ఏకాంత సేవలో ప్రతి రాత్రీ జరుగుతున్నది. రెండు వందల ఏళ్ళు దాటినా వదలని ఆ రాత్రి పాటను ఏ మెట్టు మీద నిలబెడతాం? మదనపల్లె కథ మరొకటి. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన జనగణమనను, 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రుడు అక్కడ పాడాడు, ఇంగ్లీషులోకి మార్చాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిపెట్టింది. అది రికార్డుల అమ్మకాలతో వ్యాపించలేదు. పిల్లల గొంతుల మీద వ్యాపించింది. ఘంటసాల (1922–1974) చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఈనాడు ఏ పట్టికలోనూ వుండదు. కాని పల్లెలో శవం లేచే ఇంటి ముందు మైకులో అదే మోగుతుంది. గాయకుడికి అంతకన్నా ఖచ్చితమైన ప్రజాదరణ వుంటుందా, అని ఒక మిత్రుడు నాతో అంటే నవ్వాలో వద్దో తెలియలేదు.

1980లలో క్యాసెట్టు వచ్చినప్పుడు గ్రామఫోన్ కంపెనీ ఏకచ్ఛత్రం కూలింది. హరికథ, బుర్రకథ, కాటిసీను సంతలో చవకగా దొరికాయి. దొంగ నకళ్ళు అసలు కన్నా ఎక్కువ తిరిగాయి. దాని వలన కళాకారుడికి డబ్బు రాలేదు, లెక్క కూడా రాలేదు. శ్రోతలు మాత్రం వచ్చారు. ఇప్పుడు శ్రోతా వున్నాడు, లెక్కా వుంది. డబ్బు ఎవరికి చేరుతున్నదన్నదే మిగిలిన ప్రశ్న. 2021లో ‘సారంగ దరియా’ కోట్ల వీక్షణలు సంపాదిస్తున్న రోజుల్లోనే, ఆ జానపదాన్ని అంతకుముందే టెలివిజనులో పాడి పదిమందికీ తెలియజేసిన గాయని తన పేరు ఎక్కడని అడిగింది. చర్చ జరిగిన మీదట ఆమెకు గుర్తింపు ఇవ్వటానికి చిత్రం వారు ఒప్పుకున్నారు. ఆమె అడగగలిగింది. ఆమెకన్నా ముందు ఆ పాటను నాట్ల దగ్గర, తిరగలి దగ్గర పాడినవారు అడగలేరు; వారి పేర్లు ఏ చిట్టాలోనూ లేవు. కోట్ల అంకె పెరిగేకొద్దీ ఈ లోటు కూడా దానితోపాటే పెరుగుతున్నది.

పోయిన వేసవిలో మా వైపు ఒక ఊరి భారతంలో అర్జున తపస్సు చూశాను. కింద ఇసుక వేస్తే రాలనంత జనం. నా పక్కన ఒక అబ్బాయి ఫోనులో దాన్ని లోకానికి చూపిస్తున్నాడు. ఎంతమంది చూస్తున్నారని అడిగితే, "ముప్పై ఏడుమంది సార్, సిగ్నల్ సరిగా లేదు" అన్నాడు. మాను దిగి వచ్చిన వేషధారి గొంతు పూర్తిగా పోయి వుంది. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో తెచ్చి ఇచ్చిన మజ్జిగ తాగి, హార్మోనియం ఆయన వైపు తిరిగి, "అన్నా, చదివింపులు ఏమాత్రం వచ్చినాయి?" అని అడిగాడు.