హుద్‌హుద్ తర్వాత కంచరపాలెంలో మారియో

హుద్‌హుద్ తుపాను గురించి రాసినవాళ్లు కూలిన చెట్ల గురించి, ఒరిగిన కరెంటు స్తంభాల గురించి, విమానాశ్రయం పైకప్పు గురించి రాశారు. అవన్నీ రాయాల్సినవే. విశాఖలోని మా కంచరపాలెం ఎలా తేరుకుందో చెప్పమంటే మాత్రం నేను ఒక వీడియో గేమ్ కొట్టు గురించి చెబుతాను.

కంచరపాలెం రైల్వే వాళ్ల పేట. ఇండస్ట్రియల్ ఎస్టేట్, ఐటీఐ, పాలిటెక్నిక్ అన్నీ ఇక్కడే. 1990లలో ఇంట్లో గేమ్ పెట్టె కొనగలిగినవాళ్లు మా వీధుల్లో బహు తక్కువ. అందుకే గంటకింతని ఆడించే కొట్లు వెలిశాయి. ఒక గది, రెండు టీవీలు, కింద చాప. జపాన్‌లో నింటెండో 1985లో విడుదల చేసిన సూపర్ మారియో మా దాకా ఎక్కువగా నకలు పెట్టెల్లోనే వచ్చింది. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి పెట్టె తీగ గుచ్చాలి, బొమ్మ పడేదాకా ఛానెల్ తిప్పాలి, కేసెట్ పట్టకపోతే తీసి ఊది మళ్లీ నొక్కాలి.

ఆ కేసెట్‌లో ఆట దాచుకునే వీలు లేదు. ఎనిమిది లోకాలు, ఒక్కో దాంట్లో నాలుగేసి స్టేజీలు. ఏడో లోకంలో ఉండగా కరెంటు పోయినా మళ్లీ మొదటి స్టేజీయే. కోతలున్న ఆ రోజుల్లో దగ్గరిదారి తెలిసినవాడికి ఉన్న విలువ ఇంకెవరికీ లేదు. రెండో స్టేజీ చివర పైకప్పు ఇటుకల మీదికెక్కి, బయటికి పోయే గొట్టం దాటి పరుగెత్తితే మూడు గొట్టాలు కనబడతాయి. అక్కణ్నించి నేరుగా నాలుగో లోకానికి పోవచ్చు. ఈ సంగతి పుస్తకాల్లో చదివి కాదు, ఒకరి భుజం మీంచి ఒకరు చూసి నేర్చుకున్నాం.

తర్వాత మా వీధిలోని కొట్టు నెట్ సెంటర్ అయింది. పాత పెట్టె అటకెక్కింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు. మధ్యలో కాసేపు అంతా నిమ్మళించింది. అయిపోయిందనుకుని జనం గుమ్మాల్లోకి వచ్చారు. అది తుపాను కన్ను. కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. కొట్టు రేకులు లేచిపోయి కంప్యూటర్లన్నీ తడిసిపోయాయి.

ఆ వారం పాలకు, నీళ్లకు, కొవ్వొత్తులకు క్యూలే. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఇతర రాష్ట్రాల నుంచి కూడా లైన్‌మెన్‌లు వచ్చి స్తంభాలు నిలబెట్టారు. వాళ్ల రుణం ఈ ఊరు తీర్చుకోలేనిది. చివరికి మా వీధికీ కరెంటు వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు. అటక మీది పెట్టెకు ఇంటర్నెట్‌తో పనేముంది? ఒక టీవీ, ఒక ప్లగ్గు ఉంటే చాలు.

“మావయ్యా, కరెంటొచ్చింది, మారియో పెట్టవా?” అని గుంటలు ఆ కొట్టాయన వెంటపడ్డారు. ఆయన దాన్ని తుడిచి పెట్టాడు, డబ్బులు మాత్రం పుచ్చుకోలేదు. సాయంత్రమయ్యేసరికి చాప మీద పిల్లల పక్కన వాళ్ల నాన్నలూ చేరారు. చిన్నప్పుడు అక్కడే ఆడినవాళ్లు, పొద్దంతా కొమ్మలు నరికి చేతులు బొబ్బలెక్కినవాళ్లు. కరెంటు ఇంకా వస్తూ పోతూ ఉండేది. పోయినప్పుడల్లా ఆట మొదటికొచ్చేది. ఒక్కరూ లేచి వెళ్లలేదు. చీకట్లోనే కూర్చుని, ఏ ఇటుకలో లైఫ్ దాగుందో పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు వినేవారు. తుపాను మాట కాకుండా ఇంకో మాట ఆ వీధిలో నేను విన్నది అప్పుడే.

ఆ ఏడు దీపావళికి టపాకాయలు కాల్చొద్దన్నారు. ఊరంతా ఎండిన కొమ్మల గుట్టలు, నిప్పురవ్వ పడితే ప్రమాదం. మా వీధి పిల్లల పండగ ఆ చాప మీదే గడిచింది.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమాతో మా పేట పేరు అందరికీ తెలిసింది కానీ, ఇలాంటి కొట్ల గురించి ఎక్కడా రాసిపెట్టినట్టు కనబడదు. మీ ఇళ్లలో ఆనాటి ఫోటోలు గానీ, కేసెట్లు గానీ ఉంటే పారేయకండి. ఎవరి కొట్టు, ఏ వీధి, ఏ ఏడు అన్నది ఫోటో వెనక రాసి ఉంచండి.